టీచరుకి మిగిలిన మాట

జూలై 3

నేను పనిచేసే డ్రైవింగ్ స్కూలు ఓనరు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలు పెట్టెలో పడి ఉంది. ఇవాళ తీశాను. రాయడం నా పని కాదు. ఈ ఇంట్లో రాతా మాటా రెండూ టీచరు శాఖలు, నాది స్టీరింగు శాఖ. కానీ మాట్లాడే మనిషి మాట్లాడకుండా కూర్చుంటే వినే మనిషి ఏం చెయ్యాలి? కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కాలి కదా.

టీచరంటే నా భార్య. పెళ్ళయిన కొత్తలో వేళాకోళానికి అలా పిలిచాను, అదే ఖాయమైపోయింది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. మే నెలలో ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచింది. తీసిమ్మని నా వైపు చూసి ఏదో అనబోయింది. మాట రాలేదు. కుడిచెయ్యి లేవలేదు, కుడికాలు నిలవలేదు. ఆస్పత్రి, ఇంజెక్షన్లు, ఆ గోలంతా మళ్ళీ రాయడం ఎందుకు. కాలు చాలావరకు తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. చెయ్యి కొంచెం కొంచెం. మాట మాత్రం ఒక్కటే వచ్చింది.

గో ఆన్.

అమ్మా అని కాదు, నా పేరు కాదు, అసలు తెలుగే కాదు. క్లాసులో పిల్లలు పాఠం పైకి చదువుతూ ఆగిపోతే "గో ఆన్" అనేదట. ఎన్ని వేలసార్లు అనుంటుందో, నాలుక మీద గాడి పడిపోయినట్టుంది. నీళ్ళు కావాలన్నా గో ఆన్, వద్దన్నా గో ఆన్. మనం చెప్పేదంతా ఆవిడకి అర్థమవుతోంది, బయటికి చెప్పడమే కష్టం అన్నాడు డాక్టరు. అర్థమవుతోంది కాబట్టే కష్టం అని ఆయనకి ఎవరు చెప్పాలి.

జూలై 5

గో ఆన్ ఒకటే గానీ ఆమె అనే గో ఆన్‌లు చాలా ఉన్నాయి. కప్పు వైపు చూసి అంటే టీ ఇంకా కాలుతోందని. కిటికీ వైపు చూసి అంటే పక్కింటివాళ్ళు మోటారు ఆపలేదు, నీళ్ళు పొర్లిపోతున్నాయని. నేను పేపరు చదివి వినిపిస్తూ ఆగితే అదే మాట, అప్పుడు మాత్రం అసలు అర్థమే, ఇంకా చదువు అని. గొంతు దించి ముక్కుతో అంటే, చాల్లే కోతలు కొయ్యకు అని. ఆ గొంతు నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ తెలుసు. మాట మారిందంతే.

నిన్న ఆమె పెద్ద డిక్షనరీ దించి ఆ మాట వెతికాను. కొనసాగడం. జరగడం. లైటు వెలగడం. కాలం గడవడం. విసుగొచ్చేదాకా వాగడం. ఊఁ కానియ్యి అని ఉసిగొల్పడం. నమ్మను పో అనడం. వెళ్ళు అనే చిన్న మాట పక్కన ఇంకో చిన్న ముక్క తగిలిస్తే ఇన్ని వేషాలు. అయినా టీ కాలుతోంది అన్న అర్థం అందులో లేదు. డిక్షనరీ రాసినవాడు మా ఇంటికి రాలేదు మరి.

ఎప్పుడో అన్నం తింటూ ఆమె చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఈ జంటమాటల పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద అర్థాలు రాసేది కాదట. ఒక్కొక్కర్నీ లేపి, ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పించి, అందులో ఆ మాట పెట్టమనేదట. "మాట మొహం చూస్తే ఏమీ తెలీదండీ. అది ఎవరి పక్కన నిలబడిందో చూడాలి" అంది. అప్పుడు ఊఁ కొట్టి ఊరుకున్నాను, వినలేదు. ఇప్పుడు ఆమె క్లాసులో మొదటి మార్కు నాదే.

జూలై 9

లెక్కల మాస్టారు చూడ్డానికి వచ్చారు, టీచరుతో కలిసి పనిచేసినాయన. ఆపిల్ పళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలీక ఫ్యాను వంక చూస్తున్నారు. టీచరు "గో ఆన్" అంది. ఆయన బెంబేలెత్తి నా వైపు తిరిగారు.

"కొత్త హెడ్మాస్టరు ఎలా ఉన్నాడని అడుగుతోంది" అన్నాను.

"అయ్యో, ఆయన సంగతి చెప్పాలంటే ఒక పూట చాలదమ్మా" అని మొదలుపెట్టారు. ఇంక ఆగితేనా. టీచరు నవ్వింది. కాసేపటికి మళ్ళీ అంది. "టీ తాగి వెళ్ళమంటోంది" అన్నాను.

"ఎలా తెలుస్తుందండీ మీకు?"

"సర్వీసు మాస్టారూ, సర్వీసు."

ఆయన చేతులు జోడించినంత పని చేశారు. నాకూ గర్వంగానే ఉంది, దాచుకోవడమెందుకు. ఆయన లేచి వెళ్తుంటే టీచరు గట్టిగా అంది, రెండుసార్లు, కుర్చీ చెయ్యి మీద తట్టి మరీ. ఆయన ఆగి చూశారు. అలసిపోయిందని చెప్పి పంపేశాను. తీసుకెళ్ళి పడుకోబెట్టాను. పడుకోలేదు, గోడ వైపు తిరిగింది.

జూలై 10

నిన్నటిది అలసట కాదేమో. ఇంకేదో అడగబోయింది ఆయన్ని. ఏమిటో తెలీలేదు. సరే, ఒకటి తప్పింది.

జూలై 14

వారానికి రెండుసార్లు మాట నేర్పడానికి ఒకమ్మాయి వస్తుంది, స్పీచ్ థెరపిస్టు. మా అమ్మాయి కంటే చిన్నది, కానీ మాట మాత్రం పోలీసు మాట. ఇవాళ ఏదో పరీక్ష పెడతానని నన్ను వరండాలో కూర్చోమంది. తలుపు వేసుకున్నారు. లోపల టీచరు గో ఆన్ అనడం వినబడింది. కొంచెం సేపటికి మళ్ళీ. ఆ పిల్ల "ఏం కావాలమ్మా? చూపించండి" అంటోంది. నాకు బయటినుంచే తెలిసిపోయింది. ఉండబట్టలేక "దాహమమ్మా" అని కేకేశాను.

తలుపు తీసుకుని ఆ అమ్మాయి వచ్చింది. "మీరు చెప్పేస్తే నా పరీక్ష ఏం కావాలండీ?"

"గొంతు ఎండబెట్టి పరీక్షేంటమ్మా?"

"ఆవిడ గొంతుకేం కాలేదు. చెయ్యి చాపి గ్లాసు చూపించబోతున్నారు. ఇంతలో మీరు అందుకున్నారు."

ఇంకో కబురు కూడా చెప్పింది. మా అమ్మాయి ఉండే పట్నంలో మాట పోయినవాళ్ళకోసం ఒక సెంటరు ఉందట. మూడు నెలలు అక్కడే ఉండాలి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే పని, పదిమందిలో కూర్చోబెట్టి నేర్పిస్తారు. ఇప్పుడైతే మాట వచ్చే అవకాశం ఎక్కువ, ఆలస్యం చేసేకొద్దీ కష్టం అంది. ఆగస్టు ఒకటిన కొత్త బ్యాచి, ఒక చోటు ఖాళీ ఉంది, తాను చెప్పి దాన్ని ఆపి ఉంచిందట.

"వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం ఆవిడే చెప్పాలి" అంది. "ఆవిడే" అన్న మాట నొక్కింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా దగ్గర ఆమెకేం తక్కువైందట? నోరు తెరిచేలోపు అందిస్తున్నాను. గో ఆన్‌కి గ్లాసు అని కూడా తెలీని వాళ్ళ మధ్య మూడు నెలలు ఎలా బతుకుతుంది? మాట రాకపోతే రాకపోయింది. నాకు అర్థమవుతోందిగా.

జూలై 15

మా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, థెరపిస్టు నాకూ చెప్పారు. ఆదివారం వస్తున్నా. అమ్మని అడుగుదాం."

"అడగడానికేముంది, నేనడిగాను. వద్దంది."

"ఎప్పుడడిగావు?"

"పొద్దున్నే."

అడగలేదు. రేపు అడుగుతాను.

జూలై 16

డ్రైవింగ్ క్లాసులు ఎక్కువున్నాయి. అడగలేదు.

జూలై 18

ఇవాళ హుషారుగా ఉంది. పాత ఫొటోలు తీసి ఒక్కొక్కటీ నాకు చూపిస్తూ గో ఆన్, గో ఆన్ అని కథలు చెప్పింది. అన్నీ అర్థమయ్యాయి. ఇలాంటి రోజున ఆ సంగతి ఎత్తి చెడగొట్టడం ఎందుకు.

జూలై 20, ఆదివారం

అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పగానే తల్లి కుర్చీ దగ్గర కింద కూర్చుంది. సెంటరు సంగతంతా నెమ్మదిగా చెప్పింది, మంచాలు ఎలా ఉంటాయి, వంట ఎవరు చేస్తారు, ఆదివారం తాను వస్తుందని. టీచరు రెప్ప వెయ్యకుండా వింది. అయ్యాక ఎడమచెయ్యి ఊపుతూ "గో ఆన్" అంది.

"వద్దంటోంది" అన్నాను.

"నిన్నడగలేదు నాన్నా."

"నీకు అర్థం కాదు కదా, అందుకని చెప్తున్నా."

"అమ్మా, వస్తావా నువ్వు?"

టీచరు మళ్ళీ అంది, వెంటవెంటనే రెండుసార్లు. అమ్మాయి తెచ్చిన కొత్త బ్యాగు వైపు చూస్తోంది, బాగుంది కదా, అందుకని చూసుంటుంది. "చూశావా, వద్దు వద్దు అని రెండుసార్లు చెప్పింది" అన్నాను.

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

"కుందేలుతో కాపురం చేస్తున్నవాణ్ణి, ఎన్ని కాళ్ళో నాకు తెలీదా?"

ఎప్పుడూ ఇలాంటి వాటికి పడీపడీ నవ్వే పిల్ల. నవ్వలేదు. సాయంత్రం బస్సుకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. అమ్మ వెళ్ళనంటోందా, నువ్వు పంపనంటున్నావా?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడానికి నేనేమైనా దొంగనా అన్నాను. అంటూనే భుజం మీద తువ్వాలు సర్దుకున్నాను. అమ్మాయి ఆ తువ్వాలు వైపు చూసి వెళ్ళిపోయింది.

జూలై 21

వద్దనే అంది.

జూలై 22

చెయ్యి ఊపింది కదా. చెయ్యి ఊపితే వద్దనే. పద పద అన్నా చెయ్యే ఊపుతారనుకో. కానీ ఆ ఊపు వేరు. నాకు తెలీదా.

కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. వరండా, వంటిల్లు, మళ్ళీ వరండా. టీచరు కుర్చీలోంచి నన్నే చూస్తోంది, ఒక్కసారి కూడా గో ఆన్ అనలేదు. పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా.

జూలై 23

ఇవాళ పళ్ళ డాక్టరుగారు నా పరువు తీశారు. యాభై దాటాక డ్రైవింగు నేర్చుకుంటున్న మనిషి, భయస్తురాలు. మా స్కూలు కార్లలో నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేను తొక్కితే నేర్చుకునేవాళ్ళ పెడల్ కూడా కిందికి పోతుంది. నాలుగు రోడ్ల దగ్గర బండి ఆగగానే ఆవిడ పక్కకి తీసి ఇంజను ఆపేశారు.

"వచ్చే నెల టెస్టు. ఇన్నాళ్ళలో నేను ఒక్కసారైనా బండి ఆపానా?"

"రోజూ ఆపుతున్నారుగా."

"నేను కాదు, మీరు. నా కాలు వెళ్ళేసరికి పెడల్ ముందే కిందికి వెళ్ళిపోయి ఉంటోంది."

"మీ మంచికేనండీ."

"నేను చదువుకునేటప్పుడు మా ప్రొఫెసరు ప్రతి పన్నూ తనే పీకేసుంటే, ఇవాళ మీరు నా దగ్గరికి పన్ను నొప్పితో వస్తారా?"

"పళ్ళు వేరు, ప్రాణాలు వేరు."

వినలేదు. రెండు కాళ్ళూ సీటు కిందికి లాక్కుని కూర్చోమన్నారు. పద్మాసనం ఒక్కటే తక్కువ. కూర్చున్నాను. రెండో మలుపులో సైకిలు ఒకటి అడ్డం వచ్చింది. నా కాలు సీటు కింద కొట్టుకుంది, పిక్క పట్టేసింది. బండి ఆగింది. ఆలస్యంగా, గట్టి కుదుపుతో, కానీ ఆగింది.

"ఆగింది" అన్నారావిడ.

"ఆగింది" అన్నాను. చొక్కా తడిసిపోయింది.

ఇంటికొచ్చి టీచరుకి చెప్పాను. నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, కుర్చీ చెయ్యి పట్టుకుని నవ్వింది. నా వైపు వేలు చూపించి మళ్ళీ నవ్వింది. అంత నవ్వొచ్చేది ఏముంది అందులో?

జూలై 25

థెరపిస్టు కొత్త కట్టుబాటు పెట్టింది. రోజుకి ఒక గంట నేను ఊహించకూడదు. అందివ్వకూడదు. రెండు వస్తువులు ముందు పెట్టి, ఏది కావాలో అడిగి, నోరు మూసుకుని కూర్చోవాలి. "ఎంతసేపైనా" అంది.

ఆ అమ్మాయి ఎదుటే మొదలుపెట్టాం. టీచరు గో ఆన్ అంది. కళ్ళజోడు. బల్ల అవతలి చివర ఉంది. తెలిసీ తెలీనట్టు కూర్చోవడం కంటే కత్తి మీద నడవడం నయం. ఆమె ఒంగింది, చెయ్యి చాపింది, అందలేదు. ఇంకొంచెం ఒంగింది. పడిపోతుందేమోనని లేచి ఇచ్చేశాను.

టీచరు కళ్ళజోడు పెట్టుకోలేదు. ఒళ్ళో పడేసి కూర్చుంది.

వెళ్తూ ఆ అమ్మాయి అంది: "సోమవారం సెంటరుకి జవాబు చెప్పాలండీ. మీరడుగుతారా, నేనడగనా?"

"నేనే అడుగుతాను."

"అడిగి కూర్చోండి" అంది.

జూలై 26

అడగలేదు. ఆమె మాత్రం పొద్దున్నే జడ వేయించుకుని, మంచి చీర కట్టించుకుని కూర్చుంది, నేను అడుగుతానని తెలిసినట్టు. చీకటి పడ్డాక చీర మార్చుకుంది. సిగ్గేసింది నాకు.

జూలై 27, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోజనాలయ్యాక బల్ల ఖాళీ చేశాను. రెండు వస్తువులు పెట్టాను. ఒకటి ఇంటి తాళంచెవి, ఇంట్లోనే ఉంటానంటే. రెండోది సెంటరు వాళ్ళ రంగుల కాగితం, వెళ్తానంటే. పెట్టడంలోనే పెట్టాను నా బుద్ధి. తాళంచెవి ఆమె ఎడమచేతి పక్కనే పెట్టాను, ఆడే చెయ్యి అది. కాగితం కుడివైపు, బల్ల చివర పెట్టాను. ఎవరూ చూడరు కదా, ఎవరు చెప్తారు.

"టీచరూ, వెళ్తావా, ఉంటావా?" అన్నాను.

ఆమె ముందు తాళంచెవి చూసింది. తర్వాత కాగితం ఎక్కడుందో చూసింది. తర్వాత నన్ను చూసింది. క్లాసులో కాపీ కొట్టేవాణ్ణి పట్టుకున్నప్పుడు తిట్టేది కాదట, ఊరికే చూసేదట. ఇలాగే చూసేదేమో.

ఎడమచెయ్యి ఎత్తింది. తాళంచెవి మీదకి వస్తుందనుకున్నాను. దాన్ని దాటింది. ఒళ్ళంతా కుడివైపుకి వాల్చి చెయ్యి చాపింది. అందలేదు. వెనక్కి కూర్చుని ఊపిరి తీసుకుంది. నా చెయ్యి లేవబోయింది. ఎందుకు లేచిందో నాకు తెలుసు, కాగితం దగ్గరికి జరపడానికి కాదు. ఆ చెయ్యి తీసి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. మళ్ళీ ఒంగింది. మోచెయ్యి బల్లకి ఆనించి, కుర్చీ కిర్రుమంటూ ఉండగా, వేళ్ళతో కొంచెం కొంచెం లాక్కుంది. కాగితం మూల నలిగింది. దగ్గరికి తెచ్చుకుని, అరచెయ్యి దాని మీద పెట్టి, నన్ను చూసింది.

ఎంతసేపు పట్టిందో తెలీదు. నేను చూడటం తప్ప ఏమీ చెయ్యలేదు. ఆమె పక్కన ఏమీ చెయ్యకుండా కూర్చోవడం నాకు ఇదే మొదలు.

"సరే" అన్నాను. "సరే, వెళ్దాం. నేనూ వస్తాను. అమ్మాయి ఇంట్లో ఉండి రోజూ వస్తాను. అక్కడివాళ్ళకి నువ్వేమంటున్నావో తెలియాలిగా."

అప్పుడు తాళంచెవి తీసింది. నా అరచేతిలో పెట్టింది. నా వేళ్ళు ఒక్కొక్కటీ దాని మీద ముడిచింది.

"గో ఆన్" అంది, చాలా మెల్లగా.

ఈ గో ఆన్‌ని నేను తిప్పి చెప్పడానికి వీల్లేదు. నువ్వు ఇక్కడే ఉండు అంది. పోయిన ఆదివారం కూడా వెళ్తాననే చెప్పింది. బ్యాగు వైపు అందుకే చూసింది. నాకు అప్పుడే తెలుసు.

కోపమొచ్చింది, దుఃఖమొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీదు. నన్నొద్దంది. ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా చూసుకుంటే నన్నొద్దంది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే, కాగితం మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది, నేను మాట మారుస్తానేమోనని.

అమ్మాయికి ఫోన్ చేశాను. "వస్తానంది" అని మాత్రం చెప్పాను.

ఆగస్టు 1

దింపి వచ్చాను. దారిలో ఆమె ఒక్కసారి కూడా అనలేదు. నేనే వాగాను, రోడ్డు గురించి, లారీల గురించి.

సెంటర్లో నర్సు అడిగింది, "ఆవిడకి టీయా కాఫీయా పొద్దున?" నోరు తెరిచాను. మూశాను. "ఆమెనే అడగండి" అన్నాను. నర్సు అడిగింది. టీచరు "గో ఆన్" అంది. నర్సు తెల్లబోయి నా వైపు చూసింది. నేను గోడ మీద గడియారం వైపు చూశాను.

మొదట్లో భార్యలూ భర్తలూ రావద్దన్నారు. ఫోన్లు కూడా వద్దన్నారు. పిల్లలు రావచ్చట. ఎందుకో అడగలేదు.

ఆగస్టు 2

ఇల్లు ఊడ్చాను. మళ్ళీ ఊడ్చాను.

ఆగస్టు 5

పళ్ళ డాక్టరుగారికి లైసెన్సు వచ్చింది. "మీ చలవే" అన్నారు. నా చలవ కాదు, నా కాలు సీటు కింద ఉండటం చలవ అన్నాను. కాదనలేదు ఆవిడ.

ఆగస్టు 10, ఆదివారం

అమ్మాయి ఫోను. సెంటరుకి వెళ్ళి చూసి వచ్చిందట. "వారమంతా ఏడ్చిందట నాన్నా. నిన్న పళ్ళెం తోసేసిందట. ఏం కావాలో ఎవరికీ తెలీలేదు."

"వేడిగా ఉండుంటుంది. వేడి అంటే చిరాకు ఆమెకి. చెప్పు వాళ్ళకి."

ఊఁ అంటుందని ఆగాను.

"చెప్పవా?"

"చెప్పను నాన్నా" అంది. అనేటప్పుడు తనకీ ఏడుపొచ్చింది. "నాకు చెప్పాలనే ఉంది. చెప్పను."

ఫోను పెట్టేసి బండి తీశాను. ఊరి చివరి పెట్రోలు బంకు దాకా వెళ్ళాను. ట్యాంకు నింపించాను. అక్కడ చాలాసేపు నిలబడి తిరిగొచ్చాను. పళ్ళెం తోసేసేంత చిరాకేసిందో, తోసేసేంత ఒంటరిగా అనిపించిందో. నాకు ఇక్కణ్ణుంచి తెలీదు. చూస్తే తెలిసేది.

ఆగస్టు 13

థెరపిస్టు అమ్మాయి దారిలో కనబడింది. "ఎలా ఉన్నారండీ?" అంది. బాగున్నానన్నాను. "నిజంగా?" అంది. ఈ పిల్ల దేన్నీ మొదటిసారి నమ్మదు. బాగా లేనన్నాను. బాగా లేను. అన్నం సయించడం లేదు. ఇంట్లో నా చెవులకి పని లేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఫోను రాలేదు. నేనూ చెయ్యలేదు. చెయ్యాలని ఎన్నిసార్లు తీశానో.

ఆగస్టు 24, ఆదివారం

మధ్యాహ్నం ఫోను మోగింది. అమ్మాయి గొంతు వేరేగా ఉంది. అమ్మకి ఏమైనా అయిందా అన్నాను.

"ఏమీ కాలేదు. విను. అమ్మకి ఇంకో మాట వచ్చింది."

నేను మంచం మీద కూర్చున్నాను.

"ఒకటే కాదు, ముక్కలు ముక్కలుగా రెండు మూడు వస్తున్నాయట. నీ ఫోను కూడా ఇవాళ ఒప్పుకున్నారు. ఇక్కడ పెద్ద డాక్టరుని అడిగాను, ఇంట్లో అన్నాళ్ళు రానిది ఇక్కడ ఎలా వచ్చిందని." ఆగింది.

"చెప్పు."

"ఇక్కడ ఎవరికీ అమ్మ గో ఆన్ అర్థం కాదు నాన్నా. నీళ్ళు కావాలన్నా దాంతో పని జరగదు. అందుకని అమ్మే ఇంకోటి వెతుక్కుంటోందట."

"అంటే ఇన్నాళ్ళూ నేనే అడ్డం."

"అలా అనలేదు నేను."

"అనకపోయినా అదే కదా."

"నీకు అర్థమయింది కాబట్టే ఆ రెండు నెలలూ అమ్మ బతికింది. అదీ నిజమే" అంది అమ్మాయి. "ఉండు, అమ్మకిస్తున్నా."

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత ఊపిరి. ఆ ఊపిరి నాకు తెలుసు. గో ఆన్ వస్తుందని చూస్తున్నాను. ఏ గొంతుతో వచ్చినా సరే, పట్టుకుందామని కాచుకుని ఉన్నాను.

గో ఆన్ రాలేదు. ఏదో అంది. మధ్యలో నాలుక తట్టుకుంది, ఆగింది, మిగతాది లాగింది. తెలుగో ఇంగ్లీషో కూడా నాకు తెలీలేదు.

మొహం కనబడదు. చెయ్యి కనబడదు. దేని వైపు చూస్తూ అందో కనబడదు. అయినా నోటి చివరిదాకా వచ్చాయి నాకు, తిన్నావా అంటున్నావా, ఎలా ఉన్నావంటున్నావా, ఎప్పుడొస్తావంటున్నావా. ఏదో ఒకటి అనేస్తే సరేలెమ్మని ఊరుకునేది, పాపం. అన్నాళ్ళూ ఎన్నిసార్లు అలా ఊరుకుందో.

"అర్థం కాలేదు టీచరూ" అన్నాను. "మళ్ళీ చెప్పు."

ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టలేదు. మళ్ళీ చెప్పింది, అదే మాట, ఇందాకటి కంటే నెమ్మదిగా, క్లాసులో వెనక బెంచీ మొద్దబ్బాయికి చెప్పినట్టు.

నాకు ఇంకా అర్థం కాలేదు. అదే చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. ఆమె విసుక్కోలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.